పెరట్లో టర్ఫ్ కోర్టు: పైనున్న పచ్చిక కంటే కిందున్న కంకర ముఖ్యం

టర్ఫ్ కోర్టు, అంటే ప్లాస్టిక్ పచ్చిక పరిచిన ఆటస్థలం, వేయించాలనుకున్నవాళ్లకు మొదట చేతికొచ్చేవి అరచేయంత నమూనా ముక్కలు. ఒకటి మెత్తగా, ఒకటి ఒత్తుగా ఉంటుంది. ఇంకొకటి అసలు పచ్చికలాగే రెండు మూడు రకాల ఆకుపచ్చల్లో మెరుస్తుంది. వేళ్లతో తడిమి చూసి, నచ్చినదాన్ని పక్కన పెట్టి, ధర అడుగుతారు. నా దృష్టిలో ఈ వరసే తలకిందులు. ముక్క ఎంచుకోవడం చిట్టచివర జరగాల్సిన పని. అంతకంటే ముందు ఆ జాగాలో ఏ ఆట ఆడతారో, అక్కడ పడ్డ వాన ఎటు పోతుందో, ఎండ ఎంతసేపు కాస్తుందో తేలాలి. అవి తేలాక ఏ పచ్చిక వేయాలన్నది పెద్ద ప్రశ్నగా మిగలదు. అవి తేల్చకుండా వేస్తే, ఎంత మంచి పచ్చికైనా కొన్ని వానాకాలాలకే గుంటలు పడి, అతుకులు లేచి, ఎవరూ అడుగుపెట్టని జాగా అవుతుంది.

అసలు ‘టర్ఫ్’ అనే ఒకే వస్తువు ఉందనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఈ పచ్చిక చరిత్ర చూస్తే అది ఎందుకు పొరపాటో తెలుస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ అనే కప్పున్న స్టేడియం తెరిచారు. లోపల అసలు గడ్డే వేశారు. పైకప్పు పలకల గుండా వచ్చే వెలుగులో ఎగిరిన బంతి ఆటగాళ్లకు కనపడటం లేదని ఆ పలకలకు రంగు వేశారు. వెలుగు తగ్గి గడ్డి చచ్చిపోయింది. అప్పుడు మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన నైలాన్ పచ్చికను 1966లో అక్కడ పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చింది. అది పొట్టిగా, దట్టంగా, కాస్త గరుగ్గా ఉండేది. దాని మీద పడితే చర్మం కమిలిపోయేది. తర్వాతి తరంలో గడ్డిపరకల్లాంటి ఆ ప్లాస్టిక్ పోగులు కొంచెం పొడవు పెరిగి, వాటి మధ్య ఇసుక చేరింది. టెన్నిస్‌కు, హాకీకి అది బాగా కుదిరింది. 1990ల్లో వచ్చిన మూడో తరంలో పోగు 40 నుంచి 60 మిల్లీమీటర్ల దాకా పెరిగింది, ఇసుకతోపాటు రబ్బరు గుళికలూ నింపారు. అది ఫుట్‌బాల్ కోసం పుట్టింది. అంటే ఒక్కో తరం ఒక్కో ఆట అడిగినదానికి జవాబుగా వచ్చింది. అన్ని ఆటలకూ పనికొచ్చే పచ్చికను ఇప్పటిదాకా ఎవరూ తయారుచేయలేదు.

ఇళ్లకు అమ్మే పచ్చికలో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదీ కాదు. అది తోట అలంకరణకు చేసిన రకం. 30, 40 మిల్లీమీటర్ల మెత్తటి పోగు, అడుగున ఎండుగడ్డిలా కనిపించే గోధుమరంగు ఉంగరాల పోగులు ఉంటాయి. కళ్లకు హాయిగా ఉంటుంది, పసిపిల్లలు దొర్లడానికి బాగుంటుంది. దాని మీద టెన్నిస్ బంతి వేస్తే మాత్రం సగం ఎత్తుకూ లేవదు, లేచినా ఎటు పోతుందో చెప్పలేం. రోజూ ఒకేచోట కాళ్లు పడితే ఆ పోగులు పడుకుండిపోతాయి, మళ్లీ లేవవు. కోర్టుకు కావాల్సింది ఆట పచ్చిక. అమ్మేవాళ్లతో ఈ ఒక్క మాట ముందే తేల్చుకోవాలి.

ఇక ఆటల సంగతి. బంతి నేలను తాకి లేచే ఆటలకు పోగు పొట్టిగా, ఇసుక నిండుగా ఉండాలి. గోడల మధ్య చిన్న కోర్టులో ఆడే ప్యాడెల్‌కు పోగు 10 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది, టెన్నిస్‌కు 15, 20 దాకా వెళ్తారు. ఇసుక దాదాపు పోగుల మొనల దాకా నింపుతారు. అంటే బంతి నిజానికి తగిలేది పచ్చికకు కాదు, పచ్చిక పట్టి ఉంచిన ఇసుకకు. అందుకే అక్కడ బంతి తక్కువ ఎత్తు లేచి, కొంచెం జారినట్టుగా వస్తుంది. ఫుట్‌బాల్ సంగతి వేరు. అక్కడ బంతి దొర్లాలి, కాలు దిగబడాలి, పడ్డవాడికి దెబ్బ తగలకూడదు. అందుకని పొడవు పోగు కావాలి. క్రికెట్ సాధన పిచ్‌కు పొట్టి పోగును కాంక్రీటు మీద గట్టిగా అంటిస్తారు. 22 గజాలు, అంటే 20.12 మీటర్ల పొడవున్న పట్టీ చాలు కాబట్టి సన్నటి, పొడవాటి పెరళ్లకు అది బాగా నప్పుతుంది. బౌలర్ పరుగుకూ, వల వెనక జాగాకూ ఇంకొన్ని మీటర్లు కలుపుకోవాలి.

బ్యాడ్మింటన్‌లో షటిల్ నేలను తాకితే ఆ పాయింటు అయిపోయినట్టే. కాబట్టి అక్కడ నేల చూసుకోవాల్సింది కాళ్లను మాత్రమే, ఏ పొట్టి పచ్చికైనా సరిపోతుంది. ఆరుబయట ఆ ఆటకు శత్రువు గాలి. బాస్కెట్‌బాల్ మాత్రం టర్ఫ్ మీద కుదరదు. బంతిని నేలకు కొడుతూ పరుగెత్తడమే ఆ ఆటకు ప్రాణం, ఇసుక నింపిన పచ్చిక ఆ దెబ్బను మింగేస్తుంది. చిన్న కోర్టులో బ్యాటుతో ఆడే పికిల్‌బాల్‌లో వాడే చిల్లుల ప్లాస్టిక్ బంతికీ అదే గతి. అందుకని ‘ఒకే కోర్టులో ఆరు ఆటలు’ అని ఎవరైనా గీతల బొమ్మ చూపిస్తే, ఆ ఆరింటిలో బంతి లేవాల్సినవెన్నో లెక్కపెట్టండి. బాస్కెట్‌బాల్ తప్పదనుకుంటే కోర్టులో కొంత భాగాన్ని కాంక్రీటుగానో, ప్లాస్టిక్ పలకలుగానో వదలడం నిజాయితీగల పరిష్కారం.

జాగా కొలతలు కూడా ఆటను నిర్ణయిస్తాయి. టెన్నిస్ గీతల మధ్య కొలత 23.77 మీటర్లు, 10.97 మీటర్లే. వెనకా పక్కలా పరుగెత్తే చోటు కలిపితే అది 36.57, 18.29 మీటర్లవుతుంది. అంత పెరడు ఎవరికోగానీ ఉండదు. చోటు సరిపోక గోడకు అడుగు దూరంలో గీత వేసిన కోర్టుల్లో పరుగెత్తిన మనిషి గోడను గుద్దుకుంటాడు. ఇక్కడ మెక్సికోకు చెందిన ఎన్రీకే కోర్క్యూరా చేసిన పని గుర్తు చేసుకోవాలి. ఆయన 1969లో ఆకపుల్కోలోని తన ఇంట్లో, గోడలను ఆటలో భాగం చేసుకుంటూ ఒక చిన్న కోర్టు కట్టుకున్నాడు. ప్యాడెల్ అక్కడ పుట్టింది. ఇప్పటికీ దాని కొలత 20 మీటర్లు, 10 మీటర్లు. పికిల్‌బాల్ కూడా అంతే. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయెల్ ప్రిచర్డ్ ఇంటి పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద మొదలైంది. దాని గీతలు ఈనాటికీ బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టంతే, 13.41 మీటర్లు, 6.10 మీటర్లు. రెండూ ఉన్న చోటుకు తగ్గట్టు ఆటను మలుచుకున్న ఇళ్లలోనే పుట్టాయి. పెద్ద ఆటను చిన్న పెరట్లో ఇరికించడం కంటే అది మంచి దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నేల కిందికి వెళ్దాం. ఈ పనిలో సగానికి పైగా బరువు, శ్రమ, బాధ్యత అక్కడే ఉన్నాయి.

20 మీటర్లు, 10 మీటర్ల కోర్టు తీసుకోండి. అది 200 చదరపు మీటర్లు. ఒక గంటలో 10 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఆ కోర్టు మీద 2,000 లీటర్ల నీళ్లు పడ్డట్టు. పచ్చిక అడుగుపొరకు వరసగా చిల్లులుంటాయి, నీళ్లు దిగిపోతాయి. దిగి ఎక్కడికి పోతాయి? కింద బంకమట్టి ఉంటే అక్కడే నిలుస్తాయి. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని పగుళ్లిస్తుంది. దానితోపాటు పైనున్నదంతా లేచి దిగుతుంది. రెండేళ్లకు కోర్టు మీద కనిపించే అలలకు మూలం ఇదే. అప్పుడు పచ్చికను తిట్టి లాభం లేదు.

కాబట్టి పైమట్టిని, అందులోని వేళ్లతో, చెత్తతో సహా, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు తీసేయాలి. 200 చదరపు మీటర్లకు 20 సెంటీమీటర్లంటే 40 ఘనపు మీటర్ల మట్టి. తవ్వాక అది పొంగుతుంది కాబట్టి ఎత్తిపోసేటప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. తవ్విన నేలను రోలర్‌తోనో, కంపాక్టర్‌తోనో గట్టిపరచి, దానిమీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరుస్తారు. కింది మట్టి పైకి వచ్చి కంకరలో కలవకుండా, కంకర మట్టిలో కూరుకుపోకుండా అడ్డంగా నిలబడేది ఆ గుడ్డే. చూపుకు ఆనని ఖర్చు కాబట్టి దీన్ని ఎగ్గొట్టేవాళ్లున్నారు. ఒప్పుకోకూడదు.

గుడ్డ మీద మూలలున్న పగలగొట్టిన కంకర వేయాలి. గుండ్రటి గులకరాళ్లు పనికిరావు, అవి ఒకదాన్నొకటి పట్టుకోలేవు, కాలి కింద కదులుతాయి. పది పదిహేను సెంటీమీటర్ల మందం కావాలి. ఒకేసారి మొత్తం పోసి పైన రోలర్ తిప్పితే పైభాగం గట్టిపడుతుంది, అడుగు వదులుగానే ఉండిపోతుంది. ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పొరలుగా పోసి, కొద్దిగా తడిపి, ప్రతి పొరనూ విడిగా దిమ్మిస చేయాలి. పదిహేను సెంటీమీటర్లు వేస్తే ఈ కంకర ఒక్కటే 50 టన్నుల దాకా అవుతుంది. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి అదెలా వస్తుందో ముందే ఆలోచించుకోవాలి. సందు మీటరే ఉంటే చిన్న బండ్లతో, తట్టలతో మోయాలి, దాంతో పని రోజులూ ఖర్చూ పెరుగుతాయి. ఆ సందు కిందే మురుగు పైపులో, కరెంటు తీగలో ఉంటే వాటి మీద ఇంత బరువు నడిపించే ముందు చూసుకోవాలి.

అన్నిటికంటే పైన రెండు మూడు సెంటీమీటర్ల సన్న రాతిపొడి. మట్టం సరిచేసేది ఇదే. మరీ మెత్తటి పొడి ఎక్కువగా ఉంటే అది గట్టిపడి సిమెంటులా నీళ్లను ఆపేస్తుంది, కాబట్టి నలుసుతోపాటు చిన్న చిప్స్ కలిసిన రకం కావాలి. మూడు మీటర్ల తిన్నటి పట్టీ నేల మీద పెట్టి, దాని కింద ఎక్కడైనా ఐదారు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సందు కనిపిస్తే అక్కడ మళ్లీ సరిచేయాలి. పొడవు పోగు ఈ లోపాలను కొంత దాస్తుంది. పొట్టి పోగు ఏదీ దాచదు, బంతి ప్రతి గుంటనూ పట్టి చూపిస్తుంది.

వాటం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోర్టు చూడటానికి చదునుగా ఉండాలి, నిజానికి చదునుగా ఉండకూడదు. నూటికి ఒకటి వాటం, అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు, ఒకే వైపుకి ఇస్తే ఆడేవాళ్లకు తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. ఆ వాలు ఇంటి పునాది వైపు ఉండకూడదు, పక్కింటి గోడ వైపూ ఉండకూడదు. దిగువ అంచున చిల్లుల పైపు పెట్టి నీటిని ఇంకుడు గుంతకో, కాలువకో నడిపించాలి. పక్కవాళ్ల జాగాలోకి నీళ్లు మళ్లించడం చాలాచోట్ల చట్టరీత్యా తప్పు, ఎక్కడైనా మర్యాదకు తప్పు. కోర్టు చుట్టూ కాంక్రీటు అంచు కట్టడం మరవకూడదు, అది లేకపోతే కంకర పక్కలకు జారి అంచులు కుంగుతాయి.

కంకర బదులు కాంక్రీటు వేస్తే మంచిది కాదా అని అడుగుతారు. మట్టం కచ్చితంగా వస్తుంది, కుంగదు, పాత కాంక్రీటు నేల ఉంటే తవ్వకం తప్పుతుంది. కానీ నీళ్లు కిందికి దిగవు, వాటం మీదుగానే పోవాలి. పైగా పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. క్రికెట్ పిచ్‌కు, ప్యాడెల్‌కు కాంక్రీటు సరే. పిల్లలు పరుగెత్తి పడే ఆటలకైతే పచ్చిక కింద 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫోమ్ పొర వేయాలి. మైదానాల గట్టిదనాన్ని జీ-మ్యాక్స్ అనే అంకెతో కొలుస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాలకు అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం అది 200 దాటకూడదు. పెరట్లో ఎవరూ పరికరం పెట్టి కొలవరు. అందుకే ఆ జాగ్రత్త ముందే కట్టడంలో ఉండాలి.

పచ్చిక పరిచే పని దీనితో పోలిస్తే చిన్నది, కానీ సున్నితమైనది. చుట్టలు విప్పి కొన్ని గంటలు ఎండలో వదిలితే మడతలు పోతాయి. అన్ని చుట్టల్లోనూ పోగు ఒకే వైపు వాలి ఉండాలి, లేకపోతే ఒక పట్టీ ముదురుగా, పక్కది లేతగా కనిపిస్తుంది, బంతి కూడా రెండింటి మీద రెండు రకాలుగా దొర్లుతుంది. ఫ్యాక్టరీ అంచును కోసేసి, రెండు అంచులనూ కింద పట్టీ మీద పాలియురెథేన్ జిగురుతో కలుపుతారు. తడి నేల మీద, వాన మబ్బుల్లో ఈ పని చేయించకండి. గీతలను రంగుతో గీసే కంటే తెల్ల పచ్చికను కోసి అతికించడం నయం, రంగు అరిగిపోతుంది.

తర్వాత ఇసుక. 200 చదరపు మీటర్ల పొట్టి పచ్చికకు చదరపు మీటరుకు 15, 20 కిలోల లెక్కన మూడు నాలుగు టన్నులు పడుతుంది. కడిగి ఆరబెట్టిన, గుండ్రటి గింజ సిలికా ఇసుకే వాడాలి. కట్టుబడి ఇసుకలో మట్టి ఉంటుంది, అది చిల్లులను మూసేస్తుంది. దాని పదునైన గింజలు పోగులను కోస్తాయి. పలచగా చల్లి, చీపురు యంత్రంతో దువ్వి, మళ్లీ చల్లాలి. పోగు నిలబడేది ఈ ఇసుక బలంతోనే.

ఎండ విషయం అమ్మేవాళ్లు ఎక్కువగా దాటవేస్తారు. అసలు గడ్డి తన ఆకుల్లోని నీటిని ఆవిరిగా వదులుతూ చల్లబడుతుంది. ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు. నడినెత్తిన ఎండ కాసేటప్పుడు కృత్రిమ పచ్చిక పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. పక్కనున్న అసలు గడ్డి కంటే 20 డిగ్రీలకు మించి తేడా ఉంటుంది. ఉత్త కాళ్లతో నిలబడలేరు. నీళ్లు చల్లితే వెంటనే చల్లబడుతుంది, కాసేపటికే మళ్లీ వేడెక్కుతుంది. నల్ల రబ్బరు గుళికలుంటే వేడి ఇంకా పెరుగుతుంది. లేత రంగు ఇసుక, బెండు గుళికలు కొంచెం నయం. మధ్యాహ్నం నీడ పడే చోటు ఎంచుకోవడం, నీడగుడ్డ కట్టడం, ఉదయం సాయంత్రం ఆడటం, ఇవే నిజమైన మందులు. ఆడేవాళ్లలో చిన్నపిల్లలుంటే దీన్ని అన్నిటికంటే ముందు ఆలోచించాలి.

కిటికీల వల్ల వచ్చే ప్రమాదం కూడా ఒకటుంది. వేడిని తిప్పికొట్టే పూత పూసిన రెండు పలకల కిటికీ అద్దాలు ఒక్కోసారి కొంచెం లోపలికి వంగి, ఎండను భూతద్దంలా ఒక్కచోటికి చేర్చి తిప్పికొడతాయి. అలా కిందపడ్డ వెలుగు పచ్చికను కరిగించేస్తుంది. కోర్టుకు ఎదురుగా అలాంటి కిటికీలుంటే బయట జాలీ తెర కట్టించాలి.

ఇది ప్లాస్టిక్ అన్న సంగతినీ దాచకుండా మాట్లాడాలి. పాత టైర్లను తురిమి చేసే నల్ల రబ్బరు గుళికల మీద చాలాకాలంగా వాదన నడుస్తోంది. అమెరికా ప్రభుత్వ సంస్థలు 2016లో మొదలుపెట్టిన అధ్యయనంలో ఆ గుళికల్లో రకరకాల రసాయనాలు, లోహాలు ఉన్నాయనీ, ఆడేవాళ్ల ఒంట్లోకి చేరే మోతాదు మాత్రం పరిమితంగానే ఉండొచ్చనీ తేల్చారు. అయినా గుళికలు బూట్లలో, వాన నీటిలో బయటికి పోతాయి, నేలలో కలుస్తాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన సూక్ష్మ ప్లాస్టిక్ నిబంధన ప్రకారం 2031 అక్టోబరు నుంచి ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళికలను పచ్చికలో నింపడానికి అమ్మకూడదు. పెరట్లో వేసే కోర్టుకు రబ్బరు గుళికలు అసలు అక్కర్లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. పొట్టి పోగుకు ఇసుక చాలు. మెత్తదనం కావాలంటే కింద ఫోమ్ పొర, పైన బెండు ఉన్నాయి. రంగుల్లో సీసం లేదని, పోగులో ఎన్నేళ్లయినా విడిపోకుండా ఉండే పీఫాస్ రసాయనాలు లేవని పరీక్ష పత్రం అడగండి. కొన్ని పాత నైలాన్ పచ్చికల్లో సీసం ఉన్నట్టు అమెరికాలో 2008లో బయటపడింది.

పోగులు కూడా ఏటేటా కొంచెం అరిగి రాలతాయి. పది పన్నెండేళ్లకు పచ్చిక ఆయుష్షు తీరుతుంది. అప్పుడు రెండు మూడు రకాల ప్లాస్టిక్కులు, జిగురు, ఇసుక కలిసిపోయిన ఆ చుట్టలను మళ్లీ వాడుకునేలా విడదీయడం చాలా కష్టం. పెద్ద చెట్టు వేళ్ల మీద కోర్టు వేయాలన్నా, వారానికోసారి పిల్లలు బంతి తన్నుకోవడానికే అయినా, ఉన్న గడ్డిని బాగుచేసుకోండి అనే చెబుతాను. కృత్రిమ కోర్టు వారానికి చాలాసార్లు ఆడే ఇంటికి, అసలు గడ్డి ఆ తొక్కిడికి తట్టుకోలేని చోటికి తగినది.

‘నిర్వహణ అక్కర్లేదు’ అన్న మాట నమ్మొద్దు. ఆకులు ఊడ్చాలి, నెలకోసారైనా పోగును ఎదురు దువ్వాలి, ఇసుక తగ్గినచోట నింపాలి, నీడ చోట్ల పాచి పట్టకుండా చూడాలి. రాత్రి దీపాలు పెట్టదలిస్తే వెలుగు పక్కింటి కిటికీలో పడకుండా కిందికి వంచిన తొడుగులుండాలి. దీపపు స్తంభాలకు, ఎత్తు వలలకు, నేలను కప్పే విస్తీర్ణానికి స్థానిక నిర్మాణ నిబంధనలు వర్తించవచ్చు. తవ్వకానికి ముందే కనుక్కోవాలి.

పని అప్పగించేటప్పుడు కాగితం మీద రాయించుకోవాల్సినవి కంకర మందం, ఎన్ని పొరలు, వాటం ఎటు, ఎంత, అంచు ఎలా, ఇసుక ఏ రకం, చదరపు మీటరుకు ఎన్ని కిలోలు. ‘పచ్చిక గ్యారంటీ’ అన్న కాగితం ఎక్కువగా పోగు రంగుకూ, ఎండకు తట్టుకునే శక్తికీ పరిమితం. నేల కుంగితే అది వర్తించదు, కాబట్టి నేలకు విడిగా హామీ తీసుకోండి. రాతిపొడి చదును చేశాక, చుట్టలు విప్పకముందు ఒక పూట ఆగమని చెప్పండి. నాలుగు మూలలా పైపు పెట్టి నీళ్లు వదలండి. ఎక్కడైనా నిలిచిందంటే అక్కడ సుద్దతో గీత గీసి, అది ఆరాక సరిచేయించండి. ఆ పూట ఒక పారతో, పట్టీతో అయిపోయే పని, పచ్చిక అంటించాక కోర్టు మొత్తం లేపితే తప్ప జరగదు.